ఉలిపికట్టె మీద చెయ్యి ఎవరిది?

కిందటి వారం మనం కోడలిని సర్వర్ గదిలో, ఏసీ చలిలో, తెర ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం ఇంకా అక్కడే ఉంది. తెర మీద కనిపించిన ఆ ఒక్క వరుసనీ మళ్ళీ మళ్ళీ చదువుకుంటోంది. తొమ్మిదో సర్వర్ మీద హెడ్మాస్టారిని నిద్రపుచ్చింది ఎవరో అందులో ఉంది. ఆ పని చేసింది పెద్ద మేడం. ఆఫీసులో సగంమందికి పని నేర్పి, ఎనిమిది నెలల కిందట రిటైరైన మనిషి ఆవిడ. ఇంట్లో మన కోడలికి స్వయానా అత్తగారు.

వారం మధ్యలో మరిచిపోయినవాళ్ళకి, ఇవాళే మొదలుపెట్టినవాళ్ళకి కాస్త వెనక్కి వెళ్ళొద్దాం. అది అంబులెన్సు పిలుపులు చూసుకునే ఆఫీసు. ఎవరైనా ఫోన్ చేస్తే, ఆ ప్రాంతానికి చెందిన సర్వర్ దగ్గర్లో ఉన్న బండిని వెతికి, డ్రైవర్ సెల్‌ఫోనుకి కబురు పంపుతుంది. సర్వర్లన్నిట్లోనూ ఒకే రకం సెట్టింగుల ఫైలు ఉండాలి. ఒక్కొక్కదాని దగ్గరికీ వెళ్ళి చూడ్డం మనుషుల వల్ల కాదు కాబట్టి, అరగంటకోసారి అన్నిట్నీ తనిఖీ చేసొచ్చే ప్రోగ్రాం ఒకటి పెట్టుకున్నారు. ఏ సర్వర్‌లోనైనా ఫైలు తేడాగా కనిపిస్తే, అడగడాలూ కోప్పడడాలూ ఏమీ ఉండవు, దాన్ని తీసేసి తన దగ్గరున్న అసలు ఫైలు తొడిగేసి పోతుంది. యూనిఫాం విషయంలో అంత పట్టుదల కాబట్టి దానికి ఆఫీసులో హెడ్మాస్టారు అని పేరు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. తొమ్మిదో సర్వర్‌ని అందరూ ఉలిపికట్టె అనే పిలుస్తారు. అది కొండమీది పల్లెలది. అక్కడ సెల్‌ఫోనుకి సిగ్నల్ అందదు, అందుకని కబురు డ్రైవర్ ఫోనుకి కాకుండా కొండ మీద షెడ్డులో గోడకున్న గంటకి వెళ్ళాలి. అన్ని సర్వర్ల ఫైలుకీ దీని ఫైలుకీ తేడా ఆ ఒక్క ముక్కే. ఆ ఉలిపికట్టె మీద హెడ్మాస్టారు నెలల తరబడి నిద్రపోతున్నారని, అంటే అక్కడ తనిఖీ ఎవరో ఆపేశారని, ఈమధ్య కోడలు గమనించింది. ఎవరి బద్ధకమో అనుకుని లేపింది. లేచిన హెడ్మాస్టారు ఊరుకుంటారా? అందరి ఫైలూ దానికీ తొడిగారు. కొండ మీద గంట మూగబోయింది. ఆ మర్నాడే ఒక తాపీమేస్త్రి పరంజా మీంచి పడ్డాడు. ఊరివాళ్ళు పంచాయతీ ల్యాండ్‌లైన్‌లోంచి ఎంత మొత్తుకున్నా బండి రాలేదు. చివరికి పాలవ్యాన్‌లో పడుకోబెట్టి తీసుకొచ్చారు. ఆయన ఇంకా ఐసీయూలోనే ఉన్నాడు.

విచారణ పూర్తయ్యేదాకా ఉలిపికట్టె మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదని మేనేజర్ ఆజ్ఞ. కొండ నుంచి పిలుపు వస్తే ఒక ఆపరేటర్ కూర్చుని షెడ్డుకి వైర్‌లెస్‌లో చెబుతోంది. విచారణ ఇవాళ మధ్యాహ్నమే. ఉద్యోగం ఎవరిది పోతుందో ఆఫీసులో అందరికీ తెలుసు, కోడలికి అందరికంటే ముందే తెలుసు. తెలియనిదల్లా ఇప్పుడు తెరమీద కనిపించిన ఈ పేరే.

ఆమె తెర ఆపేసి, బ్యాగు భుజాన వేసుకుని, భోజనాల వేళకి ఇంటికి బయల్దేరింది.

*

అత్తగారు వెనక వరండాలో ఆరిన బట్టలు మడతపెడుతోంది. ఆవిడ మడతపెడితే తువ్వాళ్ళన్నీ ఒకే కొలతకి వస్తాయి, అంచు మీద అంచు కూర్చుంటుంది. ఒక పక్కన మాత్రం చిన్న కుప్ప విడిగా ఉంది. అవి కొడుకు ప్యాంట్లు. కాలి కట్టు పట్టడానికి వాటికి ఒక్కో కాలు కత్తిరించేశారు, ఇక అవి దేనితోనూ కలవవు.

కొడుకు ఫోటోగ్రాఫర్. స్టూడియోలో ఒక కుటుంబాన్ని నవ్వించబోయి స్టూలు మీంచి పడ్డాడు. కుటుంబం బాగానే నవ్వింది, ఇతని కాలికి కట్టు పడింది. అప్పట్నుంచి ముందుగదిలో మంచానికి అతుక్కుపోయి, అమ్మ పాత ల్యాప్‌టాప్ పొట్ట మీద పెట్టుకుని పాటలు వింటున్నాడు. కెమెరాలో తప్ప ఇంకెక్కడా ఏ బటన్ నొక్కాలో తనకి తెలీదని తనే గొప్పగా చెప్పుకుంటాడు. అమ్మా భార్యా ఒకే ఆఫీసు కబుర్లు చెప్పుకుంటుంటే మధ్యలో దూరి వెటకారం చెయ్యడం ఒక్కటే ఆ విషయంలో అతని పాత్ర.

"భోంచేశావా?" అంది అత్తగారు తలెత్తకుండానే.

"లేదత్తయ్యా. మీతో ఒక మాట మాట్లాడాలి."

"మాట ఎక్కడికీ పోదు. కూర చల్లారిపోతుంది. ముందు తిను."

"ఉలిపికట్టె మీద హెడ్మాస్టారిని పడుకోబెట్టింది మీరేనా?"

అత్తగారి చేతిలో తువ్వాలు సగం మడతలో ఆగింది. ముందుగదిలో పాట కూడా ఆగింది.

సినిమాల్లో అయితే ఇక్కడ ఉరుములు ఉరుముతాయి. మన అత్తాకోడళ్ళకి అంత ఓపిక లేదు. అత్తగారు తువ్వాలు మడత పూర్తిచేసి, దొంతర మీద పెట్టి, అంచు సరిచేసింది.

"నువ్వెందుకు లేపావు?" అంది.

"నేనడిగింది అది కాదు."

"నేనడిగేది అదే. ఒక మెషిన్ మీద అన్నాళ్ళు హెడ్మాస్టారు నిద్రపోతుంటే, ఎవరో ఏదో కారణం మీదే నిద్రపుచ్చి ఉంటారని నీకు తోచలేదా? లేపేముందు ఒక్కర్నైనా అడగొద్దూ?"

"ఎవర్ని అడగాలి? కారణం ఎక్కడైనా ఉంటే కదా. ఏదైనా ఆపితే, ఎందుకు ఆపామో పక్కన ఒక ముక్క రాయాలని మాకు నేర్పింది ఎవరు మేడం?"

ఆ ఇంట్లో ఒక ఒప్పందం ఉంది. గుమ్మం లోపల అత్తయ్య, ఆఫీసులో మేడం. పెళ్ళైన కొత్తలో కోడలు తడబడి వంటింట్లో మేడం అని, ఆఫీసులో అత్తయ్య అని నవ్వులపాలైంది. తర్వాత ఎన్నడూ తడబడలేదు. ఇవాళ తడబాటు కాదు, కావాలనే అంది. అత్తగారికి ఆ సంగతి అర్థమైంది.

"గొంతు తగ్గించు" అంది. "వాడు వింటాడు."

"నేను వినట్లేదమ్మా" అన్నాడు కొడుకు ముందుగదిలోంచి. "మీరు కానివ్వండి."

కోడలు స్టూలు లాక్కుని అత్తగారి ఎదురుగా కూర్చుంది. కోపంతో వచ్చింది కానీ, కోపం మాటల్లో పెట్టాలంటే మళ్ళీ పని భాషే వస్తోంది ఆమెకి. ఏళ్ళ తరబడి ఈవిడ దగ్గర నేర్చుకున్నది అదే భాష.

"మీరు ఆ మెషిన్‌లోకి వెళ్ళి ఫైలు చేత్తో మార్చారు. చేత్తో మార్చింది హెడ్మాస్టారి కంటపడితే తీసేస్తారు కాబట్టి ఆయన్ని నిద్రపుచ్చారు. అంతవరకూ నాకు అర్థమైంది."

అత్తగారు ఇంకో తువ్వాలు అందుకుని మడతపెట్టింది.

"అర్థంకానిది ఒక్కటే. ఏ సర్వర్‌కైనా వేరే ఫైలు కావాలంటే, దాని పేరు పెట్టి విడిగా ఒక ఫోల్డరు పెట్టమని పద్ధతి పెట్టిందే మీరు. హెడ్మాస్టారు ముందు ఆ పేరున్న ఫోల్డరే వెతుకుతారు. అది దొరికితే అందులోది తొడుగుతారు, దొరక్కపోతేనే అందరిదీ. ఉలిపికట్టెకి అలాంటి ఫోల్డరు పెడితే సరిపోయేదిగా? ఎవరూ చెయ్యి పెట్టక్కర్లేదు, ఎవర్నీ నిద్రపుచ్చక్కర్లేదు. నేను మొత్తం వెతికాను అత్తయ్యా. దాని పేరుతో ఏ ఫోల్డరూ లేదు."

"పేరు మారిస్తే మనుషులే గుర్తుపట్టరు" అన్నాడు ఫోటోగ్రాఫర్ లోపల్నించి, "హెడ్మాస్టారేం గుర్తుపడతారు పాపం."

"మీరు కాసేపు పాటలు వినండి" అంది భార్య.

పాట మళ్ళీ మొదలైంది. ఆ ఇంట్లో అతని మాటలు ఫ్యాను చప్పుడు లాంటివి. ఎవరూ పనిగట్టుకుని వినరు.

అత్తగారు చాలాసేపు తన చేతుల వైపే చూసుకుంది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది.

"ఫోల్డరు ఉంది. నువ్వు వెతికిన పేరుతో లేదు. నేను దిగిపోయే వారంలో పాత తొమ్మిదో మెషిన్ చెడిపోయింది. నువ్వప్పుడు పిలుపుల సెక్షన్‌లో ఉన్నావు, నీకు తెలీదు. కొత్త మెషిన్ వచ్చింది. దాన్ని నేనే నిలబెట్టాను. కొత్తదానికి కొత్త పేరు పెట్టాం. మన నోళ్ళకి మాత్రం అదీ ఉలిపికట్టే. ఫోల్డరు పాత పేరు మీదే ఉండిపోయింది. హెడ్మాస్టారికి మన ముద్దుపేర్లు తెలీవుగా. ఈ పేరుతో ఫోల్డరు లేదు అనుకుని అందరి ఫైలూ తొడిగారు."

కోడలికి ఆ ఫోల్డరు గుర్తుకొచ్చింది. పాతపేరున్న ఫోల్డరు ఒకటి మూలన పడి ఉండడం చూసింది. ఎప్పుడో చెత్తకి పోయిన మెషిన్‌ది కాబోలని వదిలేసింది.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"ఆఖరి రోజు, ఆఖరి గంటలో. పక్కగదిలో నాకోసం టీ పెట్టారు, అందరూ కూర్చుని ఉన్నారు. వెళ్ళేముందు ఒకసారి అన్నీ చూసిపోదామని కూర్చుంటే, కొండ గంట పలకట్లేదని కనిపించింది. ఫోల్డరు పేరు మార్చాలంటే ఇంకొకరు సరిచూడాలి, మేనేజర్ ఒప్పుకోవాలి. అంటే అక్కడ అందరూ నన్ను పొగడ్డానికి సిద్ధంగా కూర్చున్న చోటుకి వెళ్ళి, నేను ఈ వారమే ఇంత తప్పు చేశాను, సంతకం పెట్టండి అని అడగాలి." ఆవిడ దొంతర అంచు మళ్ళీ సరిచేసింది. "అడగలేకపోయాను. మెషిన్‌లోకి వెళ్ళి చేత్తో ఆ ముక్క మార్చేశాను. హెడ్మాస్టారిని నిద్రపుచ్చాను. మిగతాది రేపు సరిగ్గా చేద్దామనుకున్నాను."

"రేపు మీకు ఆఫీసు లేదు."

"ఆ సంగతి గోడగడియారం బహుమతిగా చేతిలో పెట్టాకగానీ నాకు తట్టలేదు."

కోడలికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. శిక్షణ గది గోడ మీద ఇప్పటికీ ఒక బోర్డు ఉంది. పెద్ద మేడం స్వయంగా రాసిన అక్షరాలు. 'చేత్తో ముట్టుకోవద్దు.' ఏ సర్వర్‌లోకీ వెళ్ళి ఏదీ చేత్తో మార్చొద్దు, మార్పు ఏదైనా హెడ్మాస్టారికి చెప్పండి, ఆయన తీసుకెళ్తారు అని దాని అర్థం. ఆ గదిలోంచి వచ్చిన ప్రతివాడికీ ఆ రెండు ముక్కలు ఎక్కాల్లాగా వచ్చు.

"నాకైనా చెప్పొచ్చుగా అత్తయ్యా. ఒకే ఇంట్లో ఉంటున్నాం. నేను ఆ సెక్షన్‌కి వచ్చిన మొదటిరోజే చెప్పి ఉంటే, పది నిమిషాల పని."

"రోజూ చెబుదామనే అనుకునేదాన్ని. నువ్వు సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పుతూ, మీ బోర్డు చూపించి ఇవాళ కొత్తవాళ్ళని బెదరగొట్టాను అత్తయ్యా అని నవ్వేదానివి. ఎలా చెప్పను? కోడలి ముందు చిన్నబోవడం కంటే నోరుమూసుకోవడం తేలికనిపించింది. తర్వాత రోజులు గడిచాయి. గంట మోగుతూనే ఉంది కదా అని సర్దిచెప్పుకున్నాను."

"నాకు మీ మీద చాలా కోపంగా ఉంది."

"ఉండాలి."

"నిన్న ఆసుపత్రికి వెళ్ళాను. మేస్త్రి భార్య బయట బల్ల మీద కూర్చుని ఉంది. నేనెవరో చెప్పలేదు. ఆమె నన్ను చూసి, మీవాళ్ళు కూడా లోపల ఉన్నారా అమ్మా అని జరిగి చోటిచ్చింది." కోడలు కళ్ళు తుడుచుకుంది. "అంతా నా వల్లే అని వారంనుంచి నిద్రలేదు నాకు. మీరు చూస్తూనే ఉన్నారు. పెరుగు వడ్డించి, దిగులుపడకు అన్నారు. అప్పుడైనా చెప్పలేదు."

అత్తగారి కళ్ళు కూడా నిండాయి. కొడుకు కాలు విరిగినప్పుడు కూడా ఏడవని మనిషి.

కోడలి పరిస్థితి కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టుంది. నిజం చెబితే, జీవితమంతా ఒక్కమాట పడని అత్తగారు ఆఫీసంతటి ముందూ తలదించుకోవాలి. చెప్పకపోతే తన ఉద్యోగం పోతుంది, పైగా ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చిందన్న పేరు తనకి మిగులుతుంది.

"విచారణలో నన్నేం చెప్పమంటారు?" అంది చివరికి.

"నువ్వు చెప్పడమేంటి?" అత్తగారు లేచింది. "నా తప్పు నీ నోటితో చెప్పిస్తానా? చీర మార్చుకొస్తాను, ఉండు. ఈలోపు రెండు ముద్దలు తిను."

మడతపెట్టాల్సిన బట్టలు ఇంకా సగం ఉన్నాయి. ఆవిడ వాటిని అలాగే వదిలేసి లోపలికి వెళ్ళింది. కాపురానికి వచ్చినప్పట్నుంచి కోడలు అలాంటిది చూడ్డం అదే మొదలు.

బయల్దేరుతుంటే ముందుగదిలో ఫోటోగ్రాఫర్ ల్యాప్‌టాప్ మీంచి తల పైకెత్తాడు. ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉండడం చూశాడు కానీ వెటకారం చెయ్యలేదు.

"ఇద్దరూ కలిసే వస్తారా?" అని మాత్రం అడిగాడు.

"కలిసే వస్తాం" అంది తల్లి. "కట్టు మీద బరువు పెట్టకు."

*

విచారణ గదిలో మేనేజరూ, పై ఆఫీసు నుంచి వచ్చిన ఒక అధికారిణీ ఉన్నారు. పెద్ద మేడం లోపలికి రాగానే మేనేజర్ అలవాటుగా లేచి నిలబడ్డాడు. అతనికి పని నేర్పింది కూడా ఆవిడే. అధికారిణి మాత్రం లేవలేదు, కళ్ళజోడు సర్దుకుని చూసింది.

"మిమ్మల్ని మేము పిలవలేదే" అంది.

"పిలవాల్సింది నన్నేనండీ. ఈ అమ్మాయిని కాదు."

పెద్ద మేడం చెప్పింది. ఇంట్లో చెప్పినంత వివరంగా కాదు, ఇంకా సూటిగా. మెషిన్ మారింది, పేరు మారింది, ఫోల్డరు మార్చడం నేను మరిచాను, చూసుకున్నాక చేత్తో దిద్ది హెడ్మాస్టారిని నిద్రపుచ్చాను, ఎవరికీ చెప్పలేదు. ఒక్క సాకు కూడా చెప్పలేదు. మేనేజర్ మధ్యలో ఏదో సర్దబోతే చేత్తో ఆపింది.

అధికారిణి అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు.

"కోడల్ని కాపాడుకోవడానికి నింద మీద వేసుకుంటున్నారేమో. రిటైరైనవాళ్ళని ఎవరూ ఏమీ చెయ్యలేరుగా."

"నా మాట ఎందుకు? మీ రికార్డు చూడండి. నేను దిగిపోయిన రోజు, టీకి పిలిచే ముందు."

మేనేజర్ చూశాడు. తల ఊపాడు. రోజు కలిసింది, వేళ కలిసింది, ఆవిడ లాగిన్ తాళమే అక్కడుంది.

"నాదీ తప్పుందండీ" అంది కోడలు. ఆమెని ఎవరూ అడగలేదు, అయినా అంది. "ఎందుకు నిద్రపుచ్చారో తెలుసుకోకుండా లేపాను. లేపాక గంట పలుకుతోందో లేదో షెడ్డువాళ్ళని వైర్‌లెస్‌లో అడిగి కనుక్కోలేదు. అడిగి ఉంటే మేస్త్రికి ఇలా జరిగేది కాదు."

"తిలా పాపం తలా పిడికెడు" అంది అధికారిణి, నవ్వకుండానే. కానీ ఆమె గొంతు మెత్తబడింది. "మందలింపు రాస్తాను. ఉద్యోగం తియ్యాల్సిన పని కనిపించడం లేదు. పాతపేరు ఫోల్డరుని కొత్తపేరుకి మార్చి, ఉలిపికట్టెని ఇవాళే సరిచెయ్యండి. మేడం, మీ గురించి ఏం చెయ్యాలో పైవాళ్ళని అడగాలి."

"ఏం చేసినా సరే. మేస్త్రి భార్యకి మాత్రం నేనే వెళ్ళి చెబుతాను. ఆ పని ఇంకెవరికీ పెట్టకండి."

కోడలికి వారం తర్వాత మొదటిసారి ఊపిరి పూర్తిగా ఆడింది. బల్ల కింద అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఆవిడ చెయ్యి చల్లగా ఉంది.

కథ ఇక్కడ ఆపితే మనకీ హాయిగానే ఉండేది. కానీ తలుపు తెరుచుకుంది. వైర్‌లెస్ దగ్గర కూర్చునే ఆపరేటర్ తొంగిచూసింది.

"సార్, కొండ షెడ్డు వాళ్ళు అడుగుతున్నారు. గంట బాగుచేసినట్టు ముందే చెప్పొచ్చుగా అంటున్నారు."

"ఎవరు బాగుచేశారు?" అన్నాడు మేనేజర్.

"ఏమో సార్. ఇప్పుడే ఒక పిలుపొచ్చింది. నేను వైర్‌లెస్ తీసేలోపే అక్కడ గంట మోగింది, బండి బయల్దేరింది."

ఉలిపికట్టెని ముట్టుకోవద్దన్న ఆజ్ఞ ఇంకా ఎవరూ ఎత్తెయ్యలేదు. మేనేజర్ తెర తనవైపు తిప్పుకుని, వేళ్ళు ఆడించి, ఆగిపోయాడు.

"హెడ్మాస్టారిని మళ్ళీ నిద్రపుచ్చారు" అన్నాడు. "ఫైలు చేత్తో మార్చారు. ఇప్పుడే. మనం ఇక్కడ మాట్లాడుతుండగా."

"ఎవరు?" అంది అధికారిణి.

మేనేజర్ తెరని వాళ్ళవైపు తిప్పాడు. "పెద్ద మేడం తాళంతో."

పెద్ద మేడం రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి. ఒక చెయ్యి కోడలి చేతిలోనే ఉంది.

"రిటైరైన రోజే రద్దు చెయ్యాల్సిన తాళం ఇంకా ఎలా పనిచేస్తోంది?"

"రద్దు చెయ్యాల్సింది నేనేనండీ" అన్నాడు మేనేజర్ నేలచూపులు చూస్తూ. "ఆ పేరు కొట్టెయ్యడానికి మనసొప్పలేదు. తర్వాత చేద్దామనుకున్నాను."

రేపు చేద్దాం, తర్వాత చేద్దాం. ఆ ఆఫీసులో అన్ని అనర్థాలూ ఆ ఒక్క మాటలోంచే వచ్చాయి.

మేనేజర్ తెరని కిందికి జరుపుతూ పోయాడు. ఇవాళ్టిది మొదటిసారి కాదు. ఈ నెలలన్నిట్లోనూ ఆ తాళం ఉలిపికట్టెలోకి వస్తూనే ఉంది. రావడం, ఫైలు చూడ్డం, ఏమీ ముట్టుకోకుండా వెళ్ళిపోవడం. మిగతా ఏ సర్వర్ జోలికీ వెళ్ళలేదు.

"నేను కాదు" అంది పెద్ద మేడం. "ఆఖరి రోజు తప్ప మళ్ళీ ఆ మెషిన్ మొహం చూడలేదు. చూసే ధైర్యం లేదు నాకు."

"ఎక్కణ్ణించి వస్తున్నారో చూడండి" అంది అధికారిణి.

చూడక్కర్లేకపోయింది. తెర మీద ఆ ఇంటర్నెట్ లైను నంబరు కనిపించగానే కోడలు గుర్తుపట్టింది. ఇంట్లోంచి పని చేసుకోవడానికి తన పేరు మీద తనే పెట్టించుకున్న లైను అది.

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు" అంది అధికారిణి, మూసిన పెన్ను మళ్ళీ తెరుస్తూ. "ఇల్లయితే దొరికింది. ఆ చెయ్యి ఎవరిదో తేలేదాకా మీ ఉద్యోగం విషయంలో నేను రాయబోయింది రాయలేనమ్మా. లైను మీ పేరు మీదుంది."

కోడలు అత్తగారి వైపు తిరిగింది.

"అత్తయ్యా, మీ తాళం ఎక్కడుంది?"

"పాత ల్యాప్‌టాప్‌లో. నేను దిగిపోయిన వారమే, పాటలు వింటానంటే మీ ఆయనకి ఇచ్చాను. వాడికి ఆ పెట్టె తెరవడం తప్ప ఏం వచ్చని?"

"మెషిన్ పేరు మారిన సంగతి ఇంతకుముందు ఎవరికైనా చెప్పారా?"

"ఇవాళ నీతో అనేదాకా ఎవరితోనూ అనలేదు."

కోడలు వరండాలో తాము కూర్చున్న తీరు గుర్తుచేసుకుంది. తను ఫోల్డరు ఏదని అడిగింది. అత్తయ్య చేతుల వైపు చూసుకుంటూ ఉండిపోయింది. అత్తయ్య నోరు విప్పకముందే ముందుగదిలోంచి ఒక మాట వచ్చింది, తను విసుక్కుని పాటలు వినమంది. పేరు మారిస్తే మనుషులే గుర్తుపట్టరు, హెడ్మాస్టారేం గుర్తుపడతారు.

ఆమె ఫోన్ తీసి ఇంటికి చేసింది. మొదటి రింగు పూర్తికాకుండానే ఎత్తాడు. వెనక పాటలేవీ వినిపించడం లేదు. ఆమె ఏమండీ అనేలోపే అతను అడిగాడు.

"గంట మోగిందా?"